దూరపు మీటను యంత్రం దగ్గరి తాళం ఆపగలగాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. పరిశ్రమల్లోని వేల యంత్రాలను ఒకే గదిలో కూర్చుని నడిపే పద్ధతి గురించి మీ పత్రికలో ఈమధ్య వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. పంపులు, కంప్రెసర్లు, గాలిమరలు, బాయిలర్లు, పైపులైన్ల మీది వాల్వులు ఎక్కడెక్కడో ఉన్నా, వాటి పీడనం, ఉష్ణోగ్రత, కంపనం, అవి తీసుకునే కరెంటు అన్నీ ఒక తెర మీదికి తెచ్చి, అక్కడి నుంచే వాటిని నడపడం, ఆపడం ఇప్పుడు ఎంత సులువైందో ఆ వ్యాసం చక్కగా వివరించింది. నేను ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా 29 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. అందులో మొదటి సగం యంత్రాల పక్కన, రెండో సగం అటువంటి తెరల ముందు గడిచింది. కాబట్టి ఆ వ్యాసం చెప్పినదాన్ని కాదనడానికి కాక, చెప్పకుండా వదిలేసినదాన్ని పాఠకుల ముందుంచడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ పద్ధతి వల్ల మేలు లేదని నేను ఎన్నడూ అనను. బేరింగు పాడవడానికి కొన్ని వారాల ముందే దాని కంపనంలో తేడా వస్తుంది. ఒకప్పుడు ఆ తేడా తెలియాలంటే ఫిట్టరు నెలకొకసారి చేతి పరికరం పట్టుకుని ప్రతి మోటారు దగ్గరికీ వెళ్లాల్సి వచ్చేది. ఈ నెలకూ వచ్చే నెలకూ మధ్యలో బేరింగు విరిగితే ఎవరూ చేయగలిగింది ఉండేది కాదు. ఇప్పుడు మోటారుకు అంటించిన చిన్న సెన్సర్ ఆ పనిని రాత్రింబవళ్లు చేస్తోంది. ఎవరూ లేని చోట ఉన్న ఒక వాల్వును అర్ధగంట తెరిచి మూయడానికి వానలో ఇద్దరు మనుషులు జీపులో బయల్దేరాల్సిన అవసరం తప్పింది. ఇవన్నీ నేను కళ్లారా చూసిన మేళ్లు. అయితే తెర ముందు కూర్చునేవాడు ఒక సంగతిని క్షణమైనా మరవకూడదు. అతనికి కనిపిస్తున్నది యంత్రం గురించి చివరిసారి వచ్చిన కబురు మాత్రమే. ఆ కబురు ఎంత పాతదో, ఎన్ని చేతులు మారి వచ్చిందో తెలియకుండా దాన్ని నమ్మి మీట నొక్కితే, ఆ మీట ఫలితాన్ని అనుభవించేది యంత్రం పక్కన నిలబడ్డ మనిషి.

ఆ కబురు వచ్చే దారిని కాస్త చెప్పాలి. పైపు మీద ఉన్న సెన్సర్ పీడనాన్ని కొలిచి, తీగ ద్వారా పక్కనే ప్యానెల్‌లో ఉన్న పీఎల్‌సీకి పంపుతుంది. యంత్రాన్ని నిజంగా నడిపే చిన్న కంప్యూటర్ అదే. పీఎల్‌సీ నుంచి గేట్‌వే అనే పెట్టె ఆ అంకెను చదువుకుంటుంది. గేట్‌వే నుంచి మొబైల్ నెట్‌వర్క్ మీదుగానో, ఫైబర్ మీదుగానో, అవి లేని చోట ఉపగ్రహం మీదుగానో అది కేంద్రంలోని సర్వర్‌కు చేరుతుంది. సర్వర్ దాన్ని తెర మీద అంకెగా, రంగుగా చూపిస్తుంది. భూస్థిర ఉపగ్రహం సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది కాబట్టి, ఆ దారిలో ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి, ఏ లోపమూ లేనప్పుడు కూడా, అరసెకనుకు పైగా పడుతుంది. అది పెద్ద చిక్కు కాదు. అసలు చిక్కు ఏమిటంటే, ఈ అంచెల్లో ఏదో ఒకటి ఆగిపోయినప్పుడు తెర మీది అంకె దానంతట అది చెరిగిపోదు. ప్రత్యేకంగా పట్టించుకుని ఏర్పాటు చేస్తే తప్ప, చివరిసారి వచ్చిన అంకె, చివరిసారి వెలిగిన పచ్చరంగు అలాగే నిలబడిపోతాయి.

నా అనుభవంలోని ఒక రాత్రిని ఇక్కడ చెప్పాలి. మేము చూసే నెట్‌వర్క్‌లో వందకు పైగా పంపింగ్ స్టేషన్లు ఉండేవి. ఆ రాత్రి షిఫ్టులో ఒక స్టేషన్ డెలివరీ లైనులో పీడనం 4.2 బార్ అని తెర చూపిస్తోంది. పంపు నడుస్తున్నట్టు పచ్చగా ఉంది. ఒక్క అలారం కూడా లేదు. మాలో వయసులో పెద్దవాడైన ఆపరేటర్ నన్ను పిలిచి, “సార్, ఈ అంకె ఇందాకటి నుంచి రెప్ప కొట్టడం లేదు” అన్నాడు. నడుస్తున్న పంపు పీడనం ఎన్నడూ ఒకే అంకె మీద నిలబడదు, 4.1కి దిగుతుంది, 4.3కి ఎక్కుతుంది, చివరి అంకె ఎప్పుడూ అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. అది ఆయనకు ఎవరూ నేర్పలేదు. తెరల కాలం రాకముందు ముల్లు ఉన్న గేజీలు చూస్తూ గడిపిన ఏళ్లలో కంటికి అలవాటైన సంగతి అది. స్టేషన్ కాపలాదారుకు ఫోన్ చేస్తే, మోటారు చప్పుడు ఆగి చాలాసేపైందని, మేమే ఆపామనుకుని ఊరుకున్నానని చెప్పాడు.

మర్నాడు పరిశీలిస్తే కారణం దొరికింది. పీఎల్‌సీకీ గేట్‌వేకూ మధ్య ఉన్న తీగ వదులై ఆ రెంటికీ సంబంధం తెగింది. గేట్‌వేకూ సర్వర్‌కూ మధ్య దారి మాత్రం బాగానే ఉంది. గేట్‌వే తన దగ్గర మిగిలిన పాత అంకెనే పట్టుకుని, దాని మీద ఎప్పటికప్పుడు కొత్త వేళ వేసి, పది సెకన్లకొకసారి పంపుతూ వచ్చింది. కబురు మీద వేళ సరైనది, లోపలి అంకె మూడు గంటల కిందటిది. మా సర్వర్ ఆ వేళలన్నీ చూసి, అంతా క్షేమమని తేల్చింది. ఆ తర్వాత మేము రెండు మార్పులు చేశాం. వేళను గేట్‌వే కాకుండా, కొలిచిన చోటనే, అంటే పీఎల్‌సీలోనే వేయించాం. దాంతోపాటు పీఎల్‌సీలో సెకనుకొకటి చొప్పున పెరిగే ఒక లెక్కను పెట్టి, దాన్ని కూడా పైకి పంపించాం. దాన్ని మా వాళ్లు హార్ట్‌బీట్ అనేవారు. ఆ లెక్క పెరగడం ఆగిన మరుక్షణం ఆ స్టేషన్‌కు చెందిన అంకెలన్నీ తెర మీద బూడిదరంగుకు మారిపోతాయి. నడుస్తోంది, ఆగింది అనే రెండు స్థితులతో పాటు, తెలియదు అనే మూడో స్థితి ప్రతి తెర మీదా ఉండి తీరాలని ఆనాటి నుంచి నేను అడుగుతూనే ఉన్నాను. ఏ కొత్త వ్యవస్థను చూడబోయినా నేను మొదట వేసే ప్రశ్న ఇదే: తీగ పీకేస్తే మీ తెర ఏమంటుంది?

ఈ రంగంలో మొదట పనిచేసినవాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. ఇవాళ కోట్లాది పరికరాలు మాట్లాడుకునే ఎంక్యూటీటీ అనే పద్ధతిని ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిపర్ అనే ఇద్దరు ఇంజినీర్లు 1999లో తయారుచేసింది చమురు పైపులైన్లను ఉపగ్రహ సంబంధం ద్వారా గమనించడానికే. ఆ సంబంధం ఖరీదైనది, తరచూ తెగిపోయేది. అందుకే పరికరం కేంద్రంతో మాటలు మొదలుపెట్టేటప్పుడే ఒక వీలునామా వంటిది రాసి ఇచ్చే ఏర్పాటు అందులో పెట్టారు. నా నుంచి చెప్పాపెట్టకుండా ఉలుకూ పలుకూ ఆగిపోతే, నా తరఫున ఈ మాట అందరికీ చెప్పండి అని పరికరం ముందే అప్పగించి ఉంచుతుంది. మౌనాన్ని కూడా ఒక కబురుగా మార్చే ఆలోచన అది. నేను చూసిన నెట్‌వర్కుల్లో ఆ ఏర్పాటును ఖాళీగా వదిలేసినవే ఎక్కువ. అది లేకపోయినా మొదటిరోజు ప్రదర్శన బాగానే సాగుతుంది మరి.

పాత కబురుకు తోడు మరొక ప్రమాదం ఉంది. మనం ఇచ్చిన ఆజ్ఞనే ఫలితంగా తెర మీద చూపించడం. 1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని త్రీ మైల్ ఐలాండ్ అణువిద్యుత్ కేంద్రంలో జరిగింది ఇదే. పీడనం తగ్గించడానికి తెరుచుకున్న ఒక వాల్వు తిరిగి మూసుకోకుండా ఇరుక్కుపోయింది. కంట్రోల్ రూమ్‌లోని దీపం మాత్రం మూసుకోమన్న సంకేతం వెళ్లిందని చూపించింది. వాల్వు నిజంగా మూసుకుందో లేదో చెప్పే ఏర్పాటు ఆ దీపానికి లేదు. ఆపరేటర్లు దీపాన్ని నమ్మారు, రెండు గంటలకు పైగా ఆ వాల్వు గుండా చల్లదనాన్నిచ్చే నీరు బయటికి పోతూనే ఉంది, రియాక్టర్ గర్భంలో గణనీయమైన భాగం కరిగిపోయింది. కంట్రోల్ రూమ్ ఆ యంత్రాలున్న ఆవరణలోనే ఉన్న రోజుల మాట అది. ఇప్పుడు ఆ దూరం వందల కిలోమీటర్లయింది. మోటారుకు స్టార్ట్ ఆజ్ఞ ఇచ్చాం అన్నది ఒకటి, మోటారుకు కరెంటు కలిపే కాంటాక్టర్ అనే స్విచ్ పడింది అన్నది వేరొకటి, మోటారు కరెంటు తీసుకుంటోంది అన్నది ఇంకొకటి, పైపులో నీరు కదులుతోంది అన్నది మరొకటి. మోటారునూ పంపునూ కలిపే కప్లింగ్ తెగిన పంపుకు మొదటి మూడూ నిజమే అవుతాయి, నాలుగోది కాదు. తెర మీద పచ్చరంగు వీటిలో దేనికి వెలుగుతోందో ఆపరేటర్‌కు తెలిసి ఉండాలి. వీలైనంత వరకు అది నాలుగోదానికే వెలగాలి.

ఇక నేను ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణమైన సంఘటనకు వస్తాను. దూరం నుంచి నడిపే మోటారు స్టార్టర్ ప్యానెల్ మీద సాధారణంగా ఒక సెలెక్టర్ స్విచ్ ఉంటుంది. దాని మీద లోకల్, ఆఫ్, రిమోట్ అని మూడు గుర్తులుంటాయి. రిమోట్‌లో పెడితే పెత్తనం దూరపు కేంద్రానిది, లోకల్‌లో పెడితే యంత్రం దగ్గరున్న మనిషిది. మా నెట్‌వర్క్‌లోని ఒక స్టేషన్‌లో ఒక ఫిట్టరు స్విచ్‌ను లోకల్‌కు తిప్పి, కప్లింగ్ మీది గార్డు విప్పి, షాఫ్టు మీద డయల్ గేజ్ బిగించి, మోటారూ పంపూ ఒకే వరుసలో ఉన్నాయా అని చూసుకుంటున్నాడు. అదే వేళకు ట్యాంకు మట్టం పడిపోతుండడం చూసి కేంద్రంలోని ఆపరేటర్ ఆ పంపుకు స్టార్ట్ ఇచ్చాడు. స్విచ్ లోకల్‌లో ఉంది కాబట్టి ఆ ఆజ్ఞ చెల్లకూడదు. కానీ చెల్లింది. షాఫ్టు ఒక్కసారిగా తిరిగి, డయల్ గేజ్ ఎగిరి గోడకు తగిలింది. కింద పెట్టిన ఫీలర్ గేజ్ కోసం ఆ ఫిట్టరు అంతకు ముందు క్షణమే వంగి ఉండడం వల్ల అతని చెయ్యి కప్లింగ్ మీద లేదు. గోడ దగ్గర పగిలి పడి ఉన్న ఆ గేజ్ అద్దం ముక్కలను మర్నాడు నేను స్వయంగా ఏరాను.

ఎందుకిలా జరిగిందని చూస్తే తేలింది ఇది. ఆ సెలెక్టర్ స్విచ్ నుంచి తీగ కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లడం లేదు. పీఎల్‌సీకి మాత్రమే వెళుతోంది. స్విచ్ లోకల్‌లో ఉంటే దూరపు ఆజ్ఞను తోసిపుచ్చమని పీఎల్‌సీ ప్రోగ్రాంలో ఒక వరుస ఉండేది. ఆ ముందు నెలలో ప్రోగ్రాంకు కొత్త సదుపాయం చేర్చి దూరం నుంచే అన్ని స్టేషన్లకూ పంపించినప్పుడు ఆ వరుస పొరపాటున జారిపోయింది. అంటే ఆ ఫిట్టరు తిప్పిన స్విచ్ దేన్నీ ఆపే శక్తి లేని ఒక విన్నపంగా మిగిలింది. ఆ ప్రోగ్రాం మార్పును పరీక్షించి సంతకం పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కొత్తగా చేర్చిన పని జరుగుతోందా అన్నదే మేము పరీక్షించాం. పాత కాపుదల ఇంకా ఉందా అని పరీక్షించలేదు. విచారణలో కొందరు, అతను కరెంటును పూర్తిగా వేరుచేసే ఐసొలేటర్ దించి తాళం వేయలేదు కదా అని తప్పును ఫిట్టరు మీదికే నెట్టబోయారు. తాళం వేయకపోవడం తప్పే. కానీ లోకల్ అని రాసి ఉన్న స్విచ్‌ను తిప్పితే ఆ యంత్రం తన చేతికి వచ్చినట్టేనని అతను నమ్మడం తప్పు కాదు. ఆ అక్షరాలను అక్కడ రాసింది మేము.

అప్పటి నుంచి నా అభిప్రాయం గట్టిపడింది. లోకల్ స్విచ్ తిప్పితే దూరపు ఆజ్ఞ వచ్చే తీగ అక్కడికక్కడే తెగిపోవాలి. ఏ ప్రోగ్రాం మారినా, ఏ సర్వర్ పొరపడినా, పాస్‌వర్డు ఏ దొంగ చేతిలో పడినా ఆ తెగిన తీగను దూరం నుంచి అతకడం ఎవరి తరమూ కాకూడదు. ఇక మరమ్మతు చేసేటప్పుడు స్విచ్ ఒక్కటే చాలదు. అమెరికా కార్మిక భద్రతా సంస్థ 1989లో తెచ్చిన తాళం, చీటీ నిబంధనలో ఈ మాట స్పష్టంగా ఉంది. పుష్ బటన్లు, సెలెక్టర్ స్విచ్‌లు వంటి కంట్రోల్ సర్క్యూట్ పరికరాలు విద్యుత్తును వేరుచేసే సాధనాలుగా లెక్కకు రావు. ఐసొలేటర్ దించాలి, దానికి పనిచేసేవాడు తన సొంత తాళం వేయాలి, తాళంచెవి తన జేబులోనే ఉండాలి. నలుగురు పనిచేస్తుంటే నాలుగు తాళాలు. నలుగురూ బయటికి వచ్చి తమ తమ తాళాలు తీస్తే తప్ప ఆ యంత్రం తిరగకూడదు. దూరం నుంచి నడిపే నెట్‌వర్క్ వచ్చాక ఈ నియమం పాతబడిందని అనుకునేవాళ్లను నేను కలిశాను. ఒకప్పుడు స్టార్ట్ బటన్ నొక్కేవాడు తల తిప్పితే పంపు దగ్గరున్న మనిషి కనిపించేవాడు. ఇప్పుడు కనిపించడు. నియమం అవసరం ఇప్పుడే ఎక్కువ.

యంత్రం దగ్గర పెత్తనం మిగిల్చి ఉంచడం ఒక్క ఫిట్టరు ప్రాణానికి సంబంధించిన సంగతే కాదని రెండు సంఘటనలు చెబుతాయి. 2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ సంస్థల కంట్రోల్ రూములను చొరబాటుదారులు ఆక్రమించారు. తమ చేయి పడకుండానే తెర మీద మౌస్ బాణం కదులుతూ ఒక్కొక్క బ్రేకర్‌నూ తెరుస్తుంటే ఆపరేటర్లు చూస్తూ ఉండిపోయారు. దాదాపు 2,25,000 మంది వినియోగదారులకు కరెంటు పోయింది. అంతటితో ఆగకుండా, సబ్‌స్టేషన్లతో మాట్లాడే పరికరాల ఫర్మ్‌వేర్‌ను, అంటే వాటి లోపలి మూల ప్రోగ్రాంను కూడా చెరిపేశారు కాబట్టి కేంద్రం నుంచి తిరిగి సరిచేసే దారి మూసుకుపోయింది. అయినా కొన్ని గంటల్లోనే కరెంటు వచ్చిందంటే, సిబ్బంది సబ్‌స్టేషన్లకు బయల్దేరి వెళ్లి బ్రేకర్లను చేత్తో వేయగలిగినందువల్లే. ఆ సబ్‌స్టేషన్లలో చేత్తో వేసే ఏర్పాటు మిగిలి ఉంది, దాన్ని వేయడం తెలిసిన మనుషులూ మిగిలి ఉన్నారు.

రెండోది 2022 ఫిబ్రవరి 24న జరిగింది. వయాశాట్ సంస్థ కేఏ-శాట్ ఉపగ్రహ నెట్‌వర్క్ మీద దాడి చేసినవాళ్లు, మోడెములను దూరం నుంచి సంబాళించడానికి ఉన్న దారిలోనే లోపలికి వచ్చి, సక్రమమైన ఆజ్ఞలతోనే వేల మోడెముల జ్ఞాపకాన్ని ఒకేసారి చెరిపేశారు. ఆ మోడెముల మీద ఆధారపడిన దాదాపు 5,800 గాలిమరలతో వాటి తయారీ సంస్థకు సంబంధం తెగిపోయింది. ఆ మరల మొత్తం సామర్థ్యం సుమారు 11 గిగావాట్లు. అయినా అవి ఆగలేదు. గాలి ఎక్కువైతే రెక్కల వాలు మార్చుకోవడం, ప్రమాదం అనిపిస్తే తమంత తాము ఆగిపోవడం వంటివన్నీ మర లోపలి కంట్రోలర్‌లోనే ఉన్నాయి కాబట్టి, కేంద్రం నుంచి మాట రాకపోయినా అవి తిరుగుతూ కరెంటు ఇస్తూనే ఉన్నాయి. ఈ ఒక్క ఉదాహరణను నెట్‌వర్క్ రూపొందించే ప్రతివారూ గోడకు అంటించుకోవాలని నా కోరిక. యంత్రం తన క్షేమానికి కావలసిన నిర్ణయాలను తానే తీసుకోగలగాలి; కేంద్రం దానికి లక్ష్యాలు చెప్పవచ్చు, సలహా ఇవ్వవచ్చు, రికార్డు ఉంచుకోవచ్చు. తెగే అవకాశం ఉన్న తీగ మీద ఏ యంత్రపు ప్రాణాన్నీ వేలాడదీయకూడదు.

దూరం నుంచి ఫర్మ్‌వేర్, ప్రోగ్రాములు మార్చే అలవాటు గురించి కూడా రెండు మాటలు. ఒక్కసారి నొక్కితే పదివేల పరికరాలకు కొత్త ప్రోగ్రాం చేరిపోతుందని గొప్పగా చెబుతారు. పొరపాటు కూడా అంతే వేగంతో చేరుతుంది. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంప్యూటర్ భద్రతా సంస్థ పంపిన ఒక లోపభూయిష్టమైన అప్‌డేట్ వల్ల దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు మొరాయించాయి. ఆ అప్‌డేట్‌ను 78 నిమిషాల్లోనే వెనక్కి తీసుకున్నా, అప్పటికే పడిపోయినవాటిలో చాలావాటిని ఎవరో ఒకరు ఒక్కొక్క కంప్యూటర్ దగ్గరికీ వెళ్లి చేత్తో లేపాల్సి వచ్చింది. కార్యాలయంలోని కంప్యూటర్ దగ్గరికి వెళ్లడం తేలిక. పైపులైను వెంట అడవి మధ్యలో ఉన్న వాల్వు దగ్గరికి, సముద్రంలో ఉన్న గాలిమర దగ్గరికి వెళ్లడం తేలిక కాదు. అందుకే కొత్త ప్రోగ్రాంను మొదట మనిషి చేరుకోగల చోట ఉన్న నాలుగైదు పరికరాలకు మాత్రమే పంపి, కొన్నాళ్లు చూసి, ఆ తర్వాత కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోవాలి. పరికరంలో పాత ప్రోగ్రాం ప్రతిని చెరపకుండా పక్కన ఉంచాలి. కొత్తది నిలదొక్కుకోలేకపోతే పరికరం తానే పాతదానికి మళ్లాలి. ఇవన్నీ తెలిసిన జాగ్రత్తలే, ఖర్చూ పెద్దది కాదు. తొందర ఒక్కటే అడ్డం.

అలారాల సంగతి చాలామంది చిన్నదిగా చూస్తారు. ఒక యంత్రానికి ఐదు అలారాలు పెట్టడం తప్పుగా కనిపించదు. రెండు వేల యంత్రాలను ఒక గదిలోకి తెస్తే అవి పదివేలవుతాయి. 1994 జూలై 24న బ్రిటన్‌లోని మిల్‌ఫర్డ్ హేవెన్ రిఫైనరీలో పేలుడుకు ముందు చివరి 11 నిమిషాల్లో ఇద్దరు ఆపరేటర్ల ముందుకు 275 అలారాలు వచ్చాయి. అసలు కారణమైన వాల్వు మూసుకుపోయి ఉంటే, అది తెరిచి ఉన్నట్టు కంట్రోల్ వ్యవస్థ చూపిస్తోంది. ఆ నిజాన్ని వెతికి పట్టుకునే సావకాశం ఆ రెండు జతల కళ్లకు లేకపోయింది. సాధారణంగా నడిచే వేళ ఒక ఆపరేటర్‌కు పది నిమిషాలకు ఒక అలారం కన్నా ఎక్కువ రాకుండా చూడాలన్నది ఈ రంగంలో అందరూ ఒప్పుకున్న మార్గదర్శకం. నేను కూర్చున్న గదుల్లో ఆ లెక్కను పాటించినవి తక్కువ. అలారం మోగితే వెంటనే నొక్కి నోరు మూయించడమే చేతులకు అలవాటైన కుర్రవాళ్లను నేను చూశాను, వాళ్లను తప్పుపట్టలేదు. చేయడానికి ఏ పనీ లేని అలారాన్ని తీసేయడం ఇంజినీర్ల బాధ్యత.

తాళాలు, పాస్‌వర్డుల విషయంలో వ్యాసం కొంత రాసింది కాబట్టి నేను ఎక్కువ రాయను. పరిశ్రమల్లో నేటికీ విరివిగా వాడుతున్న మోడ్‌బస్ అనే, యంత్రాలు మాట్లాడుకునే భాష 1979 నాటిది. అందులో మాట్లాడుతున్నది ఎవరని అడిగే ఏర్పాటే లేదు, ఎవరు ఆజ్ఞ ఇచ్చినా యంత్రం వింటుంది. అది ఒక గది లోపలి తీగల కోసం పుట్టిన భాష. దాన్ని నేరుగా ఇంటర్నెట్‌కు తగిలించడం వీధి తలుపు తీసిపెట్టి పడుకోవడమే. 2023 నవంబరులో అమెరికాలో ఒక నీటి సరఫరా సంస్థ పీఎల్‌సీలోకి బయటివాళ్లు చొరబడిన ఘటనపై దర్యాప్తులు జరిగినప్పుడు, అదే రకం పరికరాలు కంపెనీ నుంచి 1111 అనే పాస్‌వర్డుతో వస్తాయని, చాలాచోట్ల దాన్ని మార్చకుండానే ఇంటర్నెట్‌కు కలిపి ఉంచారని బయటపడింది. దానికన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది 2000లో ఆస్ట్రేలియాలోని మరూచీ షైర్‌లో జరిగింది. మురుగునీటి పంపింగ్ స్టేషన్లకు రేడియో నియంత్రణ అమర్చిన సంస్థలో పనిచేసి మానేసిన ఒక వ్యక్తి, దొంగిలించిన పరికరాలతో కారులో తిరుగుతూ 46 సార్లు ఆ నెట్‌వర్క్‌లోకి ఆజ్ఞలు పంపాడు. దాదాపు 8 లక్షల లీటర్ల మురుగునీరు పార్కుల్లోకి, కాలువల్లోకి పారింది. వారాల పాటు అక్కడి ఇంజినీర్లు అది పరికరాల లోపమనే అనుకున్నారు. ఏ ఆజ్ఞ ఎవరు ఇచ్చారో, ఎక్కడి నుంచి ఇచ్చారో చెరిపేయలేని చిట్టా ఒకటి ఉండాలనడానికి, మనిషి ఉద్యోగం వదిలిన రోజునే అతని ప్రవేశాలన్నీ రద్దు కావాలనడానికి ఇంతకన్నా వేరే రుజువు అక్కరలేదు.

వ్యాసంలో నాకు బాధ కలిగించిన వాక్యం ఒకటుంది. ఈ పద్ధతి పూర్తిగా అమలైతే క్షేత్రస్థాయి సిబ్బంది అవసరమే ఉండదన్నది దాని సారాంశం. ప్రయాణాలు తగ్గుతాయి, రాత్రి కాపలాలు తగ్గుతాయి, కొన్ని ఉద్యోగాల స్వభావం మారుతుంది; ఇంతవరకు నిజమే. కానీ రెప్ప కొట్టని అంకెను కనిపెట్టిన ఆ పెద్దాయన కన్ను యంత్రం పక్కన తయారైంది. తెర ముందు కూర్చునే కొత్త తరం ఆపరేటర్లను ఏడాదిలో కొన్ని వారాలైనా స్టేషన్లకు పంపి, పంపు మీద చెయ్యి పెట్టి దాని వేడినీ అదురునూ తెలుసుకోనివ్వాలి. ఏడాదికి ఒకసారైనా కేంద్రంతో సంబంధాన్ని కావాలని తెంచి, ఒక రోజంతా స్టేషన్‌ను అక్కడి మనుషులే చేత్తో నడిపి చూడాలి. మా సంస్థలో నేను ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు ఉత్పత్తి నష్టం అన్నారు. నాలుగేళ్లు అడిగాక ఒక్క స్టేషన్‌లో ఒప్పుకున్నారు. ఆ రోజున ఆ స్టేషన్‌లో హ్యాండ్‌వీల్ తుప్పుపట్టి తిరగని వాల్వులు మూడు, ఎవరి దగ్గర ఉందో తెలియని ప్యానెల్ తాళంచెవి ఒకటి, లోకల్‌లో పెట్టినా పనిచేయని స్టార్ట్ బటన్లు రెండు బయటపడ్డాయి. తెర మీద ఆ స్టేషన్ అంతకుముందు రోజు వరకూ పూర్తిగా పచ్చగా ఉంది.

కాబట్టి ఇటువంటి నెట్‌వర్కుల గురించి ఇకమీదట మీ పత్రికలో రాసేటప్పుడు, ఎన్ని వేల యంత్రాలను కలిపారన్న లెక్కతో పాటు, వాటిలో ఎన్నింటికి తీగను తెంచే లోకల్ స్విచ్ ఉందో, ఎన్నింటిని చేత్తో నడిపి చూశారో, సంబంధం తెగితే అవి ఎంతసేపు క్షేమంగా నడుస్తాయో నిర్వాహకులను అడిగి, వాళ్లు చెప్పిన జవాబులను కూడా అచ్చువేయవలసిందిగా కోరుతున్నాను. ఆ ఫిట్టరు ఇప్పటికీ అదే పనిలో ఉన్నాడు. తన తాళాన్ని, తాళంచెవిని మెడలో తాడుకు కట్టుకుని తిరుగుతాడు.

ఇట్లు,
విశ్రాంత ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరు